ముందు తీసెయ్... తర్వాతే పెంచు!

వాల్వు ఆంప్‌లో గిటారు మోగితే గది నిండిపోతుంది. కానీ గెయిన్ కాస్త పెంచగానే స్వరాలు ఒకదాంట్లో ఒకటి అలుక్కుపోతాయి. ఆ ముద్దతనం వదిలించి టోన్‌లో బిగువు తేవడానికి అరవై ఏళ్లుగా ఇంజినీర్లూ గిటారిస్టులూ పడుతున్న తంటాల కథ ఇది. మన గదిలో ఉన్న ఆంప్‌కి పనికొచ్చే పాఠాలూ అందులోనే ఉన్నాయి.

గదిలో ఒంటరిగా వాయించుకుంటున్నంతసేపూ ఆ టోన్‌కి తిరుగుండదు. బేస్ నాబ్ సగం దాటి ఉంటుంది, గెయిన్ ముప్పాతిక దాటి ఉంటుంది, కింది తీగ ఒక్కసారి మీటితే కిటికీ అద్దాలు అదురుతాయి. ఆదివారం రిహార్సల్‌కి అదే ఆంప్, అవే సెట్టింగులు. డ్రమ్స్ మొదలవుతాయి, బేస్ గిటారు కలుస్తుంది. అంతే, మన గిటారు గల్లంతు. ఏదో మోగుతోందని తెలుస్తుంది, ఏం మోగుతోందో తెలియదు. టకటకా కొట్టిన నాలుగు దెబ్బలూ ఒకే మూలుగై బయటికొస్తాయి. వాల్యూమ్ పెంచితే మూలుగు పెరుగుతుందే తప్ప స్వరం తేలదు.

వాల్వు ఆంప్ కొన్నవాళ్లలో ఈ చిక్కు ఎదురుకానివాళ్లు అరుదు. మొదటి అనుమానం వాల్వుల మీదికి పోతుంది. కొత్త సెట్టు తెప్పిస్తారు. తర్వాత పెడల్ కొంటారు, ఆ తర్వాత స్పీకరు మారుస్తారు, చివరికి ఆంపే అమ్మేస్తారు. ఇంత ఖర్చుకు ముందు తెలుసుకోవాల్సిన సూత్రం ఒకటుంది. టోన్‌లో బిగువనేది కొత్తగా కొని కలిపేది కాదు. వద్దనుకున్న కింది స్వరాలను సరైన చోట తీసేస్తే మిగిలేదే బిగువు. ఆ ‘సరైన చోటు’ ఏదో తెలిస్తే సగం పని అయినట్టే.

బిగువు ఎక్కడ పోతోంది?

ఆరు తీగల గిటారులో అన్నిటికన్నా కిందిదైన ‘ఇ’ తీగ సెకనుకు 82.4 సార్లు కంపిస్తుంది. దాన్ని ‘డి’కి దించితే 73.4. ఏడు తీగల గిటారులో కింది ‘బి’ అయితే 61.7. లావుపాటి తీగల ఊపు పెద్దది కాబట్టి పికప్ నుంచి వచ్చే సంకేతంలో వాటిదే పైచేయి. ఆంప్ మొదటి వాల్వు దగ్గరికి ఆ ఊపు అలాగే చేరుతుంది.

వాల్వు తన హద్దు దాటి సంకేతాన్ని పెంచలేదు. హద్దు దగ్గర అలల శిఖరాలు కోసుకుపోతాయి. మనం ఇష్టపడి తెచ్చుకునే డిస్టార్షన్ అదే. ఒకే స్వరం వాయిస్తే అందులోంచి ఆ స్వరం తాలూకు హార్మోనిక్‌లే పుడతాయి, ఇబ్బంది లేదు. రెండు స్వరాలు కలిసి వెళ్తే మాత్రం మనం వాయించని స్వరాలు కూడా పుడతాయి. రెండింటి మొత్తం ఒకటి, తేడా ఒకటి.

కింది ‘ఇ’ని షడ్జమం అనుకుందాం. దాని పంచమం ‘బి’ 123.5 హెర్ట్జ్. రెండూ కలిపి మీటితే తేడా 41 హెర్ట్జ్ దగ్గర పుడుతుంది. అది సరిగ్గా షడ్జమానికి ఒక స్థాయి కిందిది, శ్రుతిలోనే ఉంది. మొత్తం 206 దగ్గర పుడుతుంది, అదీ చెవికి చేదు కాదు. రాక్ సంగీతం షడ్జమ పంచమాల పవర్ కార్డ్‌ను అంతగా నమ్ముకోవడానికి ఇదో కారణం. పంచమం బదులు అంతర గాంధారం, అంటే 103.8 హెర్ట్జ్ దగ్గరి స్వరం కలిపి చూడండి. తేడా 21 హెర్ట్జ్. దాన్ని స్వరంగా చెవి పట్టుకోలేదు. దానివల్ల మిగిలేది గుడగుడే.

కింది స్వరాలు ఎంత బలంగా లోపలికి వెళ్తే ఇలాంటి పిలవని చుట్టాలు అంత ఎక్కువ. పైగా వాటిని మోయలేక స్పీకరు కోన్ ముందుకీ వెనక్కీ ఊగిపోతుంది, పవర్ వాల్వుల శక్తి అక్కడే ఖర్చయిపోతుంది. మృదంగం వాయించేవారికి ఇది కొత్త సంగతి కాదు. తొప్పి మీద రవ్వ ముద్ద తగినంత ఉంటేనే నిండుదనం. మించితే మోత మందగించి, దెబ్బకూ దెబ్బకూ మధ్య ఖాళీ మాయమవుతుంది.

కాబట్టి డిస్టార్షన్‌కి ముందు బేస్ తగ్గించాలి. నిండుదనం కావాలంటే డిస్టార్షన్ అయిపోయాక పెంచుకోవాలి. అప్పటికి కోతలన్నీ అయిపోయి ఉంటాయి కాబట్టి ఆ బేస్ ఎవరితోనూ కలబడదు. ఆంప్‌ల చరిత్రలో పెద్ద మలుపులు చాలావరకు ఈ వరుస చుట్టూనే తిరిగాయి.

ఫుల్లర్టన్ నుంచి లండన్‌కి

కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో లియో ఫెండర్ 1938లో రేడియో రిపేరు దుకాణం పెట్టాడు. అక్కడి నుంచే గిటార్లూ ఆంప్‌లూ తయారుచేసే దాకా ఎదిగాడు. 1951లో ప్రెసిషన్ బేస్ గిటారు తెచ్చి, దానికి జోడీగా 1952లో బాస్‌మన్ ఆంప్ విడుదల చేశాడు. పేరుకు తగ్గట్టే బేస్ గిటారు కోసం చేసింది. 1950ల చివర్లో వచ్చిన దాని 5ఎఫ్6-ఏ రూపంలో పది అంగుళాల స్పీకర్లు నాలుగుండేవి, పెట్టె వెనకభాగం తెరిచి ఉండేది. బేస్ వాయించేవారికన్నా గిటారిస్టులే దాన్ని ఎక్కువగా మోజుపడి కొన్నారు.

లండన్‌లోని హాన్‌వెల్‌లో డ్రమ్స్ దుకాణం నడిపే జిమ్ మార్షల్ 1962లో కెన్ బ్రాన్, డడ్లీ క్రేవెన్‌లతో కలిసి ఆ బాస్‌మన్ సర్క్యూట్‌నే ఆధారం చేసుకుని జేటీఎం45 తయారుచేశాడు. కాగితం మీద చూస్తే రెండూ అన్నదమ్ములే. మార్పులు కొన్నే. ఫెండర్ మొదటి స్థానంలో వాడిన 12ఏవై7 వాల్వు పెంపు గుణకం 44 చుట్టుపక్కల. మార్షల్ అక్కడ పెట్టిన ఈసీసీ83ది 100. దాంతో తర్వాతి దశలు త్వరగా హద్దుకు చేరి గరగరలాడటం మొదలుపెట్టాయి. ఇక స్పీకర్లు: పన్నెండు అంగుళాల సెలెస్టియన్‌లు నాలుగు, వెనక పూర్తిగా మూసేసిన పెట్టెలో.

ఆ మూసిన పెట్టె టోన్‌ని ఎంత మార్చిందో చెప్పలేం. తెరిచిన పెట్టెలో కోన్‌కి వెనక అడ్డేమీ ఉండదు, కింది స్వరాలకు యథేచ్ఛగా ఊగుతుంది. మూసిన పెట్టెలో బంధించిన గాలి స్ప్రింగులా పనిచేసి కోన్‌ని వెనక్కి లాగి పట్టుకుంటుంది. దెబ్బ పడిన వెంటనే కోన్ ఆగుతుంది. కింది తీగను అరచేతి అంచుతో నొక్కి వాయించే పామ్ మ్యూట్‌కి ఆ ఆగడమే ప్రాణం.

తర్వాతి ఏళ్లలో మార్షల్ ఇంజినీర్లు ఇంకో చిన్న మార్పు చేశారు. మొదటి వాల్వు కేథోడ్ దగ్గర ఒక కెపాసిటర్ ఉంటుంది. అది పెద్దదైతే కింది స్వరాలు కూడా పూర్తిగా పెరుగుతాయి, చిన్నదైతే వాటి పెంపు తగ్గుతుంది. ఫెండర్ ఆంప్‌లలో అక్కడ సాధారణంగా కనిపించేది 25 మైక్రోఫారడ్‌లది. మార్షల్ లీడ్ చానెల్‌లో పెట్టింది కేవలం 0.68. చిటికెన వేలి గోరంత విడిభాగం, కానీ డిస్టార్షన్ మొదలయ్యే ముందే బేస్‌ని కత్తిరించేసింది. 1981లో మొదలైన జేసీఎం800 శ్రేణిలోని ప్రసిద్ధ 2203 మోడల్ కూడా అదే బాటలో నడిచింది. రాక్, మెటల్ గిటారు టోన్ అనగానే ఎక్కువమంది చెవిలో మెదిలే శబ్దం ఆ ఆంప్‌దే.

బర్మింగ్‌హామ్ కుర్రాడి చిన్న పెట్టె

ఆంప్ లోపల చెయ్యి పెట్టకుండానే ఇదే పని చేసే దారిని ఇంగ్లండులో గిటారిస్టులు ముందే కనుక్కున్నారు. 1960ల నడుమ డల్లాస్ కంపెనీ రేంజ్‌మాస్టర్ అనే చిన్న పెట్టె అమ్మేది. ఒక జర్మేనియం ట్రాన్సిస్టర్, కొన్ని విడిభాగాలు, అంతే. లోపలికొచ్చే దారిలో ఉన్న కెపాసిటర్ మరీ చిన్నది కావడంతో కింది స్వరాలు వడకట్టుకుపోయి, పైవి పెరిగి ఆంప్‌కి చేరేవి.

బర్మింగ్‌హామ్‌లో రేకుల ఫ్యాక్టరీలో పనిచేస్తూ ప్రమాదంలో కుడిచేతి రెండు వేళ్ల కొసలు పోగొట్టుకున్న టోనీ ఐయోమి, బ్లాక్ సబాత్ తొలి రోజుల్లో ఈ రేంజ్‌మాస్టర్‌నే లేనీ ఆంప్‌లోకి కలిపాడు. నొప్పి తగ్గడానికి సన్నటి తీగలు వాడేవాడు. 1971 నాటి మాస్టర్ ఆఫ్ రియాలిటీ ఆల్బమ్‌లో శ్రుతిని మూడు మెట్లు కిందికి దించాడు. శ్రుతి దించితే తీగలు వదులవుతాయి, టోన్ జారిపోవాలి. ఆంప్‌కి ముందే బేస్ వడకట్టడం వల్లే ఆ బరువైన రిఫ్‌లు విడివిడిగా వినిపించాయి. క్వీన్ గిటారిస్టు బ్రయాన్ మే కూడా తన వాక్స్ ఏసీ30కి ముందు ట్రెబుల్ బూస్టర్‌నే పెట్టుకున్నాడు.

ఈ సూత్రానికి తర్వాతి తరంలో వచ్చిన అవతారం ఆకుపచ్చ పెట్టె. 1970ల చివర్లో ఐబనెజ్ పేరుతో జపాన్ నుంచి వచ్చిన ట్యూబ్ స్క్రీమర్. దాని లోపల 4.7 కిలో ఓమ్‌ల రెసిస్టర్, 0.047 మైక్రోఫారడ్ కెపాసిటర్ కలిసి 720 హెర్ట్జ్ దగ్గర గీత గీస్తాయి. ఆ గీత కన్నా కింది స్వరాలకు పెంపు క్రమంగా తగ్గుతుంది. బ్లూస్ వాయించేవాళ్లు డ్రైవ్ నాబ్ పెంచి దాన్ని వాడుకున్నారు. మెటల్ వాళ్లు డ్రైవ్ దాదాపు సున్నాకి తగ్గించి, లెవెల్ పూర్తిగా పెంచి, అప్పటికే గెయిన్ దండిగా ఉన్న ఆంప్ ముందు పెట్టారు. డిస్టార్షన్ పెడల్‌ని డిస్టార్షన్ లేకుండా వాడటం వింతగా అనిపించవచ్చు. వాళ్లకు కావలసింది దాని జల్లెడ గుణమే.

తీసింది తిరిగి కలిపిన రాండల్ స్మిత్

ముందు బేస్ తీసేస్తే టోన్ బక్కచిక్కిపోదా? పోతుంది. ఆ లోటు తీర్చే మార్గం మీసా బూగీ ఆంప్‌లలో దొరికింది. కాలిఫోర్నియాలో చిన్నసైజు ఫెండర్ ఆంప్‌లకు మార్పులు చేయడంతో మొదలుపెట్టిన వాటి రూపకర్త రాండల్ స్మిత్, మార్క్ శ్రేణి ఆంప్‌లలో టోన్ నాబ్‌లను గెయిన్ దశలకు ముందు పెట్టాడు. డిస్టార్షన్ అంతా అయిపోయాక అయిదు జారుడు మీటల గ్రాఫిక్ ఈక్వలైజర్ ఒకటి అదనంగా అమర్చాడు. ఆ మీటలు 80, 240, 750, 2200, 6600 హెర్ట్జ్ దగ్గర పనిచేస్తాయి.

వాడేవాళ్లు త్వరలోనే ఆనుపానులు పట్టారు. ముందున్న బేస్ నాబ్‌ని ఒకటి, రెండు దగ్గరికి దించేయడం, చివరనున్న 80 హెర్ట్జ్ మీటను పైకి తోయడం, 750ని కిందికి లాగడం. లోపలికి సన్నగా వెళ్లిన టోన్ బయటికి బలిష్ఠంగా వస్తుంది. 1986లో వచ్చిన మెటాలికా ఆల్బమ్ మాస్టర్ ఆఫ్ పపెట్స్‌లో జేమ్స్ హెట్‌ఫీల్డ్ రిథమ్ గిటారుకు వాడింది మార్క్ 2సీ ప్లస్. కోపెన్‌హేగెన్‌లోని స్వీట్ సైలెన్స్ స్టూడియోలో రికార్డు చేశారు. కిందికి మాత్రమే కొట్టే ఆ వేగవంతమైన స్ట్రోకుల్లో ఏ రెండూ ఒకదానితో ఒకటి అంటుకోవు. చేతి పనితనం ఒకెత్తు, ఈ వరుస ఒకెత్తు.

ఈ పాఠం ఏ ఆంప్‌కైనా పనికొస్తుంది. గెయిన్ దశల తర్వాత ఎఫెక్ట్స్ లూప్ ఉన్న ఆంప్ అయితే ఈక్వలైజర్ పెడల్‌ని ఆ లూప్‌లో పెట్టుకోవచ్చు. ముందు బూస్టర్‌తో తీసింది అక్కడ తిరిగి కలుపుకోవచ్చు.

వెనకబడే వాల్వు

బేస్ తగ్గించినా వేగంగా వాయించేటప్పుడు టోన్ తడబడుతోందంటే తప్పు కెపాసిటర్‌ల దగ్గర ఉండొచ్చు. ఒక వాల్వు నుంచి ఇంకో వాల్వుకి సంకేతం కెపాసిటర్ ద్వారా దాటుతుంది. మితిమీరిన బలంతో దెబ్బ పడినప్పుడు రెండో వాల్వు గ్రిడ్ పాజిటివ్ అయి కరెంటు లాగుతుంది, ఆ కెపాసిటర్‌లో విద్యుత్తు పేరుకుంటుంది. దెబ్బ అయిపోయినా అది ఖాళీ అయ్యేదాకా ఆ వాల్వు సగం మూగబోయి ఉంటుంది. బ్లాకింగ్ డిస్టార్షన్ అంటారు దీన్ని.

లెక్క తేలికే. 0.022 మైక్రోఫారడ్ కెపాసిటర్, దాని వెనక 1 మెగాఓమ్ రెసిస్టర్ ఉంటే కోలుకునే కాలానికి కొలమానం 22 మిల్లీసెకన్లు. కెపాసిటర్ 0.1 అయితే 100 మిల్లీసెకన్లు. నిమిషానికి 180 బీట్ల వేగంలో బీటుకు నాలుగు దెబ్బలు కొడితే రెండు దెబ్బల మధ్య ఉండేది 83 మిల్లీసెకన్లే. అంటే పెద్ద కెపాసిటర్ ఉన్న ఆంప్‌లో మొదటి దెబ్బ నుంచి వాల్వు తేరుకోకముందే రెండోది వచ్చి పడుతుంది. చిన్న కెపాసిటర్‌లు, గ్రిడ్ ముందు పెద్ద రెసిస్టర్‌లు దీనికి మందు. అనుభవమున్న టెక్నీషియన్‌కి ఇది చిన్న పని, ఖర్చూ స్వల్పమే.

కరెంటు అందకపోతే

ఇక విద్యుత్ సరఫరా సంగతి. ఒక్కసారిగా బలమైన దెబ్బ పడితే పవర్ వాల్వులు ఎక్కువ కరెంటు అడుగుతాయి. సరఫరా దాన్ని అందించలేకపోతే ప్లేటు వోల్టేజీ క్షణకాలం కుంగి, మళ్లీ లేస్తుంది. గిటారిస్టులు ‘సాగ్’ అనే ఈ కుంగుబాటు వల్ల దెబ్బ మొదలు మెత్తబడి, స్వరం ఆ తర్వాత ఉబ్బుతుంది. ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయర్ వాల్వుదైతే కుంగుబాటు ఎక్కువ. 5వై3 లాంటి రెక్టిఫయర్ వాల్వులో పదుల వోల్టులు పోతాయి. సిలికాన్ డయోడ్‌లో పోయేది ఒక వోల్టు చుట్టుపక్కలే. 1960ల రెండో సగంలో మార్షల్ ఆంప్‌లు డయోడ్‌లకు మారడం వాటి బిగువుకి ఒక కారణం. 1990ల మొదట్లో వచ్చిన మీసా డ్యూయల్ రెక్టిఫయర్‌లో అయితే వాల్వా, డయోడా అన్నది స్విచ్‌తో మనమే ఎంచుకోవచ్చు. బిగువు కావాలంటే డయోడ్ వైపు తిప్పాలి.

సరఫరాలోని పెద్ద ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్‌లు ఏళ్లు గడిచేకొద్దీ బలహీనపడతాయి. అప్పుడు బేస్ వదులవడంతో పాటు వాయించని దొంగ స్వరాలు వినిపిస్తాయి. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి రెక్టిఫయర్ తర్వాత మిగిలే అలజడి 100 హెర్ట్జ్‌ది. 440 హెర్ట్జ్ ‘ఎ’ స్వరం వాయిస్తే వెనక 340, 540 కూడా లీలగా మోగుతుంటే కెపాసిటర్‌లు మార్చే సమయం వచ్చిందన్నమాట. సెకండ్‌హ్యాండ్‌లో పాత ఆంప్ కొన్నవాళ్లు వాల్వుల కన్నా ముందు చూపించాల్సింది వీటినే.

మన ఊళ్లకు సంబంధించిన సంగతి ఇంకొకటుంది. 230 వోల్టులు రావాల్సిన చోట 200 వస్తే, ఆంప్ లోపల 450 ఉండాల్సిన ప్లేటు వోల్టేజీ 391 దగ్గరికి పడిపోతుంది. వాల్వు ఫిలమెంటుకు 6.3 బదులు 5.5 వోల్టులే అందుతాయి. గిటారిస్టు ఎడ్డీ వాన్ హాలెన్ వేరియాక్ పెట్టి కావాలని వోల్టేజీ తగ్గించి తెచ్చుకున్న మెత్తదనాన్ని మన లైను అడక్కుండానే ఇచ్చేస్తుంది! సాయంత్రాలు టోన్ పాడైపోతోందని అనిపిస్తే ముందు మల్టీమీటర్‌తో గోడ సాకెట్ చూపించుకుని, అవసరమైతే స్టెబిలైజర్ పెట్టుకోవాలి.

అమెరికాలో ఉన్న అన్నయ్యతోనో మేనత్త కొడుకుతోనో ఆంప్ తెప్పించుకునేవాళ్లు ఇంకో మాట గుర్తుంచుకోవాలి. అక్కడి ఆంప్‌లు 120 వోల్టులవి. నేరుగా మన సాకెట్‌లో పెడితే కాలిపోతాయి. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి. అదీ ఆంప్ లాగే శక్తికి సరిపోయేదానికన్నా కాస్త పెద్దది తీసుకోవాలి. చిన్నది తీసుకుంటే అక్కడా కుంగుబాటే.

పగ్గం వేసే ఫీడ్‌బ్యాక్

స్పీకరు దగ్గరి సంకేతంలో కొంత భాగాన్ని వెనక్కి తెచ్చి, తప్పులు దిద్దేలా కలపడాన్ని నెగెటివ్ ఫీడ్‌బ్యాక్ అంటారు. ఇది కోన్‌కి పగ్గం లాంటి ఏర్పాటు. పన్నెండు అంగుళాల గిటారు స్పీకర్లు చాలావరకు 75 హెర్ట్జ్ ప్రాంతంలో సహజంగా ఊగుతాయి. అది కింది ‘ఇ’కి పొరుగునే ఉంది. పగ్గం లేకపోతే ఆ ఊపు ఆగదు. బాస్‌మన్, మార్షల్ ఆంప్‌లలో ఈ ఏర్పాటు ఉంది, వాక్స్ ఏసీ30లో లేదు. ఏసీ30 అందమైన మెరుపునిచ్చినా బరువైన రిఫ్‌లకు లొంగకపోవడానికి ఇదో కారణం.

1992లో వచ్చిన పీవీ 5150 వంటి ఆంప్‌లలో రెజొనెన్స్ అనీ, మరికొన్నిట్లో డెప్త్ అనీ ఒక నాబ్ ఉంటుంది. అది కింది స్వరాల వరకు ఈ పగ్గాన్ని వదులు చేస్తుంది. పెంచినకొద్దీ ఇంట్లో బ్రహ్మాండంగా ఉంటుంది, బ్యాండులో ముద్దవుతుంది. బిగువు కోరేవారు మొదట తగ్గించి చూడాల్సిన నాబ్‌లలో ఇదొకటి.

పవర్ వాల్వుల బయాస్ కూడా చూసుకోవాలి. ఈఎల్34 భరించగల వేడి 25 వాట్లు. అందులో 70 శాతానికి మించకుండా నడపడం టెక్నీషియన్ల వాడుక. అంటే ప్లేటు దగ్గర 450 వోల్టులుంటే ఒక్కో వాల్వుకి దాదాపు 39 మిల్లీఆంపియర్లు. అంతకన్నా వేడిగా నడిపితే టోన్ మెత్తబడి వాల్వుల ఆయుష్షు తగ్గుతుంది. మరీ చల్లగా నడిపితే టోన్ పొడిబారుతుంది.

వదులు కూడా అందమే

బిగువే పరమావధి అనుకుంటే పొరపాటు. నీల్ యంగ్ దశాబ్దాలుగా నమ్ముకున్నది 1950ల నాటి చిన్న ఫెండర్ డీలక్స్. వాల్వు రెక్టిఫయర్, పెద్ద కెపాసిటర్‌లు, ఫీడ్‌బ్యాక్ లేని పవర్ దశ, వెనక తెరిచిన పెట్టె. ఇప్పటిదాకా వద్దన్న ప్రతిదీ అందులో ఉంది! ఆయన వాయించే నిదానపు, పెద్ద పెద్ద స్వరాలకు ఆ కూలిపోతున్నట్టుండే శబ్దమే ప్రాణం పోసింది. దాంతో వేగంగా పామ్ మ్యూట్ వాయించబోతే మాత్రం గందరగోళమే. ఏ పాటకి ఏది కావాలో తేల్చుకున్నాకే నాబ్ మీద చెయ్యి వేయాలి.

ఖర్చు తక్కువ నుంచి ఎక్కువకు: ప్రయత్నించాల్సిన వరుస

• గెయిన్ తగ్గించండి. రికార్డుల్లో భీకరంగా వినిపించే రిథమ్ గిటార్లలో గెయిన్ మనం ఊహించినంత ఉండదు. ఒకే రిఫ్‌ని రెండు, నాలుగుసార్లు వాయించి పొరలుగా పేరుస్తారు.

• బేస్ నాబ్‌ని రెండు దగ్గరికి దించి, మిడ్ కొంచెం పెంచండి. బ్యాండులో గిటారు చోటు మిడ్‌లోనే. కింది అంతస్తు బేస్ గిటారుకు, కిక్ డ్రమ్‌కి వదిలేయండి.

• దళసరి పిక్ వాడి, బ్రిడ్జ్ పికప్ ఎంచుకోండి. పికప్ బేస్ వైపు అంచు తీగకు మరీ దగ్గరగా ఉంటే స్క్రూ తిప్పి కాస్త దించండి.

• శ్రుతి దించి వాయించేవారు లావు తీగలకు మారండి.

• ఆంప్‌ని గది మూల నుంచి ముందుకు జరపండి, నేల మీంచి ఎత్తండి. గోడలూ మూలలూ కింది స్వరాలను పెంచేస్తాయి. స్పీకరు మన చెవి ఎత్తుకు వస్తే పాదాల దగ్గర వినపడని కఠినత్వం కూడా తెలుస్తుంది.

• ఆంప్ ముందు ట్యూబ్ స్క్రీమర్ తరహా పెడల్, డ్రైవ్ సున్నా దగ్గర, లెవెల్ ఎక్కువగా. ఎఫెక్ట్స్ లూప్ ఉంటే అందులో ఈక్వలైజర్.

• మొదటి ప్రీఆంప్ వాల్వు మార్చి చూడండి. 12ఏఎక్స్7 పెంపు గుణకం 100, 5751ది 70. గెయిన్ తగ్గి టోన్ శుభ్రపడుతుంది.

• స్పీకరు. పాతకాలపు 25 వాట్ల రకం బదులు ఎక్కువ వాట్లు భరించేది, వీలైతే వెనక మూసిన పెట్టెలో.

• చివరగా టెక్నీషియన్: సరఫరా కెపాసిటర్‌లు, బయాస్, ఆ తర్వాతే సర్క్యూట్ మార్పులు.

జాగ్రత్త!

వాల్వు ఆంప్ లోపల 400 నుంచి 500 వోల్టుల దాకా ఉంటుంది. ప్లగ్గు తీసేసిన తర్వాత కూడా కెపాసిటర్‌లలో ప్రాణాంతకమైన విద్యుత్తు నిల్వ ఉండొచ్చు. ఆ పనిలో ఆరితేరినవాళ్లు తప్ప మరెవరూ ఆంప్ విప్పకూడదు. స్పీకరు తగిలించకుండా వాల్వు ఆంప్‌ని ఎప్పుడూ వాయించకూడదు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది. ఆంప్ వెనక రాసిన ఓమ్‌లూ, స్పీకరు ఓమ్‌లూ కలవాలి. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ లాంటి చోట్ల విడిభాగాలు దొరుకుతాయి. అయితే కెపాసిటర్ విలువ ఒక్కటే సరిపోతే చాలదు, అది ఎన్ని వోల్టులు భరిస్తుందో కూడా సరిచూసుకోవాలి.

ఆఖరి మాట

ఆకాశవాణి వార్తల కోసం రేడియో వేడెక్కేదాకా ఆగిన తరానికి వాల్వు కొత్త కాదు. బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ ఒకప్పుడు వాటిని మన దేశంలోనే తయారుచేసింది. ఇవాళ గిటారు వాల్వులు ప్రధానంగా స్లొవాకియా, రష్యా, చైనాల నుంచి వస్తున్నాయి, ధరలూ తక్కువేం కాదు. అందుకే టోన్ వదులుగా ఉందనగానే వాల్వుల పెట్టెకు ఆర్డరు పెట్టకండి. ఫెండర్ నుంచి మీసా దాకా ఆంప్‌ల చరిత్ర చెప్పేది ఒక్కటే: బేస్ ఎంతుందన్నది రెండో ప్రశ్న, ఎక్కడుందన్నది మొదటి ప్రశ్న. వచ్చే రిహార్సల్‌లో బేస్ నాబ్ రెండుకి, గెయిన్ సగానికి దించి, ఇంట్లో వినడానికి పేలవంగా అనిపించే ఆ టోన్‌తోనే డ్రమ్స్‌తో కలిసి వాయించండి. మీ మిత్రుణ్ని హాలు చివర నిలబెట్టి వినమనండి. రూపాయి ఖర్చు లేని ఆ పరీక్ష అయ్యాకే జేబులో చెయ్యి పెట్టండి.